తిరువల్లికేణి మేడ మీద విట్‌గెన్‌స్టైన్

మైదాపిండిలో చిటికెడు మైలతుత్తం వేసి ఉడికించిన జిగురుకి ఒక వాసన ఉంటుంది. కాస్త పులుపు, కాస్త లోహం. పురుగు పట్టకుండా మైలతుత్తం వేస్తారు. ఈమధ్య పైక్రాఫ్ట్స్ రోడ్డులో (ఇప్పుడది భారతి సాలై, నాకింకా నోరు తిరగదు) ఒక సందు మొదట్లో ఆ వాసన తగిలింది. లోపల ఒకాయన కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులకి అట్టలు అతికిస్తున్నాడు. మద్రాసులో మేం ఆస్ట్రియా తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్‌ని చదివినంతకాలం మా పుస్తకాలన్నీ ఇదే వాసన వేసేవి. కొన్నవి తక్కువ, జిరాక్స్ తీయించి కుట్టించినవి ఎక్కువ.

చదివింది పార్థసారథి గుడి వెనకాల సందులో, మేడ మీద ఒంటిగదిలో. కింద టైలరు షాపు. ఆదివారం పూట కూడా మిషన్ల చప్పుడు ఆగేది కాదు. మేష్టారు లాజిక్ చెప్పి రిటైరైన మనిషి, నెల్లూరు వైపు నుంచి తాతల నాడే మద్రాసు చేరిన కుటుంబం. వచ్చేవాళ్ళలో రైల్వే అకౌంట్సులో ఒకాయన, తెలుగు పత్రికలో ప్రూఫులు దిద్దే ఒకాయన, లా చదివే కుర్రాడు, మైలాపూరు నుంచి వచ్చే ఒక తమిళ మిత్రుడు ఉండేవారు. ఆ తమిళాయనకి తెలుగు త్యాగరాజ కీర్తనల మేరకే వచ్చు. అయినా వాదనకి దిగితే మాలో ఎవరికీ తీసిపోయేవాడు కాదు.

గదిలో ఒకే ఒక్క కట్టుబాటు. "ముందటి విట్‌గెన్‌స్టైన్", "తరవాతి విట్‌గెన్‌స్టైన్" అనే మాటలు ఖండిక నంబరు (ఆయన ముఖ్యమైన పుస్తకాలు నంబర్లు వేసిన చిన్న పేరాలే) చెప్పకుండా వాడకూడదు. వాడినవాడిదే ఆ పూట వడల ఖర్చు.

"పరీక్ష రాయడానికి ఇద్దరు కావాలయ్యా. చదవడానికి ఒక్కడు చాలు" అనేవారు మేష్టారు.

ఆయన పట్టుదల ఊరికే కాదు. గైడుల్లో కథ ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది: మొదటి పుస్తకంలో భాష బొమ్మ అన్నాడు, రెండో పుస్తకంలో ఆట అన్నాడు, మధ్యలో మనసు మార్చుకున్నాడు. తారీఖులు పక్కపక్కన పెడితే అలా కనపడదు. మొదటి పుస్తకం ట్రాక్టేటస్ రాత 1918లో పూర్తయింది. జర్మన్‌లో 1921లో, ఇంగ్లీషుతో కలిపి 1922లో అచ్చయింది. ఆయన ఆస్ట్రియా పల్లెల్లో బడిపంతులుగా చేసి, అక్కయ్య మార్గరెట్‌కి వియన్నాలో ఇల్లు కట్టించి, కేంబ్రిడ్జికి తిరిగొచ్చింది 1929లో. రెండో పుస్తకం ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్ ముందుమాట కింద 1945 జనవరి అని ఉంది. ఆయన 1951లో పోయాక, 1953లో అది బయటికొచ్చింది. ఆ ముందుమాటలోనే తన మొదటి పుస్తకంలో పెద్ద తప్పులున్నాయని ఒప్పుకుంటూ, పాతవీ కొత్తవీ ఆలోచనలు ఒకే సంపుటంగా వేస్తేనే కొత్తవి సరైన వెలుగులో కనపడతాయని రాశాడు. ఇల్లు పడగొట్టి కట్టుకున్నవాడు కాడు, కాపురం ఉంటూనే ఒక్కో గోడా జరుపుకుంటూ పోయినవాడు. మేష్టారి దగ్గర మేం నేర్చుకున్నదల్లా ఏ గోడ ఎప్పుడు జరిగిందో వేలు పెట్టి చూపించడం.

ఈ జిరాక్సుల్లో ఒక చిక్కుండేది. ఇన్వెస్టిగేషన్స్ పాత ఎడిషన్లో ఎడమ పేజీ జర్మన్, కుడి పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు పేజీ నంబరు పక్కన "ఇ" అని చిన్నక్షరం ఉండేది. డబ్బు ఆదా అవుతుందని కుడి పేజీలే తీయించేవాళ్ళు. అంతవరకూ ఫరవాలేదు. కానీ ఆ పుస్తకంలో కొన్ని పేజీల అడుగున గీత గీసి, గీత కింద చిన్న పేరాలు ఉంటాయి. అవి ఫుట్‌నోట్లు కావు. విట్‌గెన్‌స్టైన్ వేరే రాతల్లోంచి కత్తిరించి ఆ పేజీల మధ్య పెట్టుకున్న చీటీలు. ఎక్కడ చేర్చాలో ఆయన చెప్పలేదు, అందుకని సంపాదకులు అడుగున వేశారు. జిరాక్సువాడు కాగితం సరిగ్గా ఆనించకపోతే ముందు పోయేవి అవే.

అలా పోయినవాటిలో ఒకటి 70వ ఖండిక దగ్గరది. "పిల్లలకి ఏదైనా ఆట నేర్పించు" అని ఒకడు అంటాడు. నేను వాళ్ళకి పాచికలతో జూదం నేర్పిస్తాను. "అలాంటి ఆట కాదు నేనన్నది" అంటాడు వాడు. మరి ఆట నేర్పమన్నప్పుడు జూదాన్ని మినహాయించాలన్న ఊహ వాడి మనసులో మెదిలి ఉండాలా? ఆ నాలుగు వాక్యాలు లేకపోతే 69, 70, 71 ఖండికలు పొడిపొడిగా ఉంటాయి. మేష్టారి దగ్గరున్న అసలు ప్రతిలోంచి వాటిని చేత్తో కాపీ చేసుకున్నాం. "శకుని కూడా ఆడదాం రమ్మనే పిలిచాడు" అన్నారాయన. ఆ ఖండిక మీద ఇంతకన్నా మంచి వ్యాఖ్య నేను ఇంకెక్కడా చదవలేదు.

ఆ చీటీల అలవాటు విట్‌గెన్‌స్టైన్‌ది మరీ గట్టిది. టైపు చేయించిన కాగితాల్ని కత్తెరతో ముక్కలు చేసి, పేర్చి, మళ్ళీ పేర్చేవాడు. ఒక పెట్టెలో దొరికిన ముక్కల్నే 1967లో జెట్టెల్ (జర్మన్‌లో చీటీలు) అనే పుస్తకంగా వేశారు.

కార్డులు

ట్రాక్టేటస్‌ని ఒకటో పేజీ నుంచి వరసగా చదవబోయినవాళ్ళందరూ రెండో పేజీలో ఆగిపోతారు. దాన్ని కార్డులు పరిచి చదవాలి.

మా కార్డులు పాత శుభలేఖలు. వెనక వైపు ఖాళీగా ఉండేది, అట్ట మందంగా ఉండేది. కుడివైపు పైమూల ఎర్రసిరాతో నంబరు, మధ్యలో వాక్యం సారాంశం. పుస్తకంలో మొత్తం 526 ఖండికలు. అన్నీ రాయక్కర్లేదు. ముందు 1 నుంచి 7 దాకా పూర్ణసంఖ్యలవి ఏడు, గచ్చు మీద నిలువుగా. లోకం, ఫ్యాక్టులు, ఆలోచన, వాక్యం, వాక్యాలు ఒకదాన్నుంచి ఒకటి కట్టుకునే తీరు, వాక్యాలన్నిటికీ ఉన్న ఒకే రూపం, చివర మాట్లాడలేనిచోట మౌనం. ఏడు కార్డులతో పుస్తకం వెన్నెముక కనపడుతుంది. తరవాత ఒక దశాంశ స్థానం ఉన్నవి కుడివైపు ఒక జానెడు జరిపి, రెండు స్థానాలవి ఇంకో జానెడు జరిపి. కార్డులు ఎగిరిపోతాయని ఫ్యాను కట్టేసేవారు. మే నెల మద్రాసులో ఫ్యాను లేకుండా తర్కం చదవడం అదో శిక్ష.

2.1 అనేది 2 మీద వ్యాఖ్య, 2.11 అనేది 2.1 మీద వ్యాఖ్య అని రచయితే మొదటి పేజీ అడుగున చెప్పాడు. కానీ 2 తరవాత వెంటనే వచ్చేది 2.1 కాదు, 2.01. అది దేని మీద వ్యాఖ్య? 2.0 అని ఏదీ లేదు. సున్నా సంగతి ఆయన చెప్పలేదు. వరసగా చదివేవాడు ఇక్కడే, వస్తువులూ సబ్‌స్టెన్సూ అనే 2.0ల అడవిలో పడి బయటికి రాడు. మేష్టారి పద్ధతి వేరు: ముందు 2, 2.1, 2.2 చదివి బొమ్మ అంటే ఏమిటో తెలుసుకోవాలి, తరవాతే ఆ బొమ్మకి లోకం ఎలా ఉండి తీరాలో చెప్పే 2.0ల దగ్గరికి వెనక్కి రావాలి. నంబరు ఎంత పొట్టిగా ఉంటే ఖండికకి అంత బరువు అని కూడా రచయిత అన్నాడు. ఆ మాటని మరీ నమ్మకూడదు. "నా మూలమైన ఆలోచన ఇది" అని ఆయనే చెప్పుకున్నది, అంటే "కాదు", "మరియు", "అయితే" లాంటి తార్కిక పదాలు లోకంలో దేనికీ ప్రతినిధులు కావన్నది, ఉన్నది 4.0312లో! నాలుగు దశాంశ స్థానాల కింద, మూలన.

బొమ్మ సంగతికి అగ్గిపెట్టె, సుద్దముక్క చాలు. 1914 సెప్టెంబరు 29 నాటి ఆయన నోటుబుక్కులో ఉంది: పారిస్ కోర్టులో ఒక మోటారు ప్రమాదాన్ని బొమ్మలతో పెట్టి చూపించినట్టు, వాక్యంలో కూడా ఒక లోకాన్ని ప్రయోగానికన్నట్టు పేర్చుతాం. అగ్గిపెట్టె పల్లవన్ బస్సు, సుద్దముక్క రిక్షా. కుర్రాడు వెంటనే "అగ్గిపెట్టె బస్సులా లేదుగా" అనేవాడు. ఉండక్కర్లేదు. అగ్గిపెట్టెకీ సుద్దకీ మధ్య ఉన్న సంబంధమే బస్సుకీ రిక్షాకీ మధ్య ఉన్నదాన్ని చెప్తుంది. 3.1432 సరిగ్గా ఇదే. బొమ్మ అంటే పోలిక అనుకున్నవాడు ఆ ఖండికని దాటి పోలేదన్నమాట.

ట్రూత్ టేబుల్, అంటే ఏ వాక్యం నిజమైతే ఏమిటి, అబద్ధమైతే ఏమిటి అని అన్ని వీలులూ వరసలుగా రాసే పట్టిక, పలక మీద వేసేవాళ్ళం. రెండు వాక్యాలకి 4 వరసలు, వాటితో 16 రకాల సంయోగాలు, 5.101లో ఆ పదహారూ వేసి ఉన్నాయి. మూడు వాక్యాలకి 8 వరసలు, 256 సంయోగాలు. ఇక్కడొక షరతు దాక్కుని ఉంది. అడుగున ఉన్న, ఇంక విడగొట్టలేని వాక్యాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉండాలి. ఒకటి నిజమైతే ఇంకొకటి అబద్ధమై తీరాలి అనేది ఉంటే వరసలు కుదరవు. అలాంటి మూలవాక్యానికి ఉదాహరణ పుస్తకం మొత్తంలో ఒక్కటీ ఇవ్వలేదు. ఈ షరతు మీద వేలు పెట్టి ఉంచుకోండి అనేవారు మేష్టారు. నిజంగానే వేలు పెట్టి ఉంచేవాళ్ళం, ఎందుకంటే పుస్తకం కుట్టు గట్టిది, వదిలితే మూసుకుపోయేది.

ఎరుపూ నీలమూ

నా లెక్కలో ఈ చదువంతటిలోకీ రుచైన భాగం ఇదే, గైడులు ఎప్పుడూ దాటేసేదీ ఇదే.

పలక మీద ఒక చుక్క. "ఈ చుక్క ఎరుపు" ఒక వాక్యం. "ఈ చుక్క నీలం" ఇంకో వాక్యం. టేబుల్ వేస్తే నాలుగు వరసలు రావాలి: రెండూ నిజం, ఒకటి నిజం ఒకటి అబద్ధం, దానికి తిరగేత, రెండూ అబద్ధం. మొదటి వరస అసాధ్యం. ఒకే చోట, ఒకేసారి, మొత్తం చుక్క ఎరుపూ నీలమూ కాలేదు. ట్రాక్టేటస్‌కి ఇది తెలుసు. 6.3751లో "ఇది తార్కికంగానే అసాధ్యం" అని చెప్పి, అందుకని రంగు వాక్యాలు అడుగువి కావు, వాటిని ఇంకా విడగొట్టాలి అని సర్దుకుంది. ఒక కణానికి ఒకేసారి రెండు వేగాలు ఉండవన్న భౌతికశాస్త్రం మాట తెచ్చింది. కేంబ్రిడ్జి గణితజ్ఞుడు ఫ్రాంక్ రామ్సే 1923లో మైండ్ పత్రికలో సమీక్ష రాస్తూ పట్టుకున్నది ఇక్కడే: ఒక కణం ఒకేసారి రెండుచోట్ల ఉండలేదన్నది మాత్రం ఏ తర్కంతో వచ్చింది? చిక్కు ఒక మెట్టు కిందికి జరిగిందే కానీ తీరలేదు.

1929లో, తిరిగొచ్చిన ఏడాదే, లాజికల్ ఫారం (వాక్యానికి ఉండే తార్కిక రూపం) మీద విట్‌గెన్‌స్టైన్ ఒక చిన్న వ్యాసం రాశాడు. తరవాత దాన్ని తనే ఇష్టపడలేదు. కానీ గోడ కదిలింది ఆ వ్యాసంలోనే. వెలుగు తీసుకుందాం. "రెండు యూనిట్ల వెలుగు ఉంది" అన్నదాన్ని "ఒక యూనిట్ ఉంది, మరియు ఒక యూనిట్ ఉంది" అని విడగొట్టగలమా? విడగొడితే ఏమవుతుందో మేష్టారు పలక మీద రాసి చూపించేవారు: ఒకే వాక్యాన్ని "మరియు"తో రెండుసార్లు చెప్తే ఒకసారి చెప్పినట్టే. "వాన కురుస్తోంది మరియు వాన కురుస్తోంది" అంటే రెట్టింపు వాన కాదు. పోనీ "ఒక యూనిట్ ఉంది, ఇంకో యూనిట్ ఉంది" అందామంటే, ఆ రెండిట్లో ఏది మొదటిది, ఏది ఇంకోటి? యూనిట్లకి పేర్లు పెట్టాల్సి వస్తుంది, అది అర్థంలేని పని. కాబట్టి డిగ్రీలున్న వాక్యాలు ఇక విడిపోవు, అవే అడుగు. అయితే అడుగువాక్యాలు ఒకదాన్నొకటి కాదనగలవు. ట్రూత్ టేబుల్లో పై వరసని కొట్టెయ్యాల్సిందే. మూలవాక్యాలకి సంబంధం ఉండదన్న షరతు అక్కడితో పోయింది.

షరతు పోయాక పాత బొమ్మ ఎలా మారిందో చూడటానికి కింది టైలరు దగ్గర టేపు అడిగి తెచ్చేవాళ్ళం. ట్రాక్టేటస్ 2.1512లో బొమ్మని కొలబద్దలా వాస్తవానికి ఆనిస్తాం అన్నాడు, 2.15121లో గీతల చివర్లు మాత్రమే వస్తువుని తాకుతాయన్నాడు. 1929 చివర్లో అదే పోలిక మళ్ళీ ఎత్తుకుని, ఇప్పుడు నేను వాక్యాన్ని కాదు, వాక్యాల వ్యవస్థ మొత్తాన్ని కొలబద్దలా ఆనిస్తాం అంటాను అన్నాడు. బల్ల పొడుగు నలభై అంగుళాల గీత దగ్గరికి వచ్చిందని తెలిస్తే, నలభై ఒకటి దగ్గరికి రాలేదనీ, ముప్ఫై తొమ్మిదితో ఆగలేదనీ విడిగా కొలవక్కర్లేదు. ఎరుపు అని తెలిస్తే నీలం కాదని తెలిసినట్టే. పోలిక అదే, టేపు అదే, ఒక్క గీత బదులు మొత్తం టేపు. ఇందులో ఇద్దరు విట్‌గెన్‌స్టైన్‌లు ఎక్కడున్నారో నాకు కనపడదు.

మూతి విరుపు

ఇటాలియన్ ఆర్థికవేత్త పియెరో స్రాఫా కథ అందరికీ తెలిసిందే. వాక్యానికీ అది చెప్పేదానికీ ఒకే తార్కిక రూపం ఉండాలని విట్‌గెన్‌స్టైన్ వాదిస్తుంటే, స్రాఫా గడ్డం కింద వేళ్ళ కొసలతో బయటికి ఒక్క తుడుపు తుడిచి, దీని తార్కిక రూపం ఏమిటి అన్నాడట. నేపుల్స్ వాళ్ళు ఛీ పో అనడానికి చేసే సైగ అది. విట్‌గెన్‌స్టైన్ శిష్యుడు నార్మన్ మాల్కమ్ జ్ఞాపకాల్లో ఉంది.

ఇది చదువుతున్న పూట మేష్టారింటి అమ్మగారు కాఫీ డబరాలు పట్టుకొచ్చి, గచ్చు నిండా శుభలేఖలు పరిచి ఉండటం చూసి, కాలు పెట్టే చోటు లేక, మేష్టారి వైపు తిరిగి మూతి ఒక్క విరుపు విరిచారు. మాట లేదు. మేష్టారు కార్డులు గబగబా ఏరడం మొదలెట్టారు.

"లాజికల్ ఫారం చెప్పండి మేష్టారూ" అన్నాడు కుర్రాడు.

"ముందు కార్డులు తియ్యి నాయనా" అన్నారాయన.

విట్‌గెన్‌స్టైన్ బ్లూ బుక్ గురించి ఎక్కువ చెప్పేది లేదు, చదవడమే. 1933-34లో విద్యార్థులకి డిక్టేట్ చేసింది, 34-35లో చెప్పింది బ్రౌన్ బుక్. అట్టల రంగుని బట్టి ఆ పేర్లు. చేతులు మారుతూ కాపీలుగా తిరిగి, రెండూ కలిపి 1958లో అచ్చయ్యాయి. బ్లూ బుక్ మాటకి అర్థం అంటే ఏమిటి అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. ఎర్రపువ్వు తెమ్మంటే మనిషి ముందు మనసులో ఎర్రటి బొమ్మ ఒకటి ఊహించుకుని దాంతో పోల్చి చూస్తాడా? అయితే "ఎర్రటి మచ్చ ఊహించుకో" అంటే, ఊహించడానికి ముందు ఇంకోటి ఊహించుకుని పోల్చుకుంటాడా? గుర్తుకి ప్రాణం ఏదని చెప్పాల్సి వస్తే అది దాని వాడకమే అని అక్కడే అంటాడు. కొత్తవాళ్ళకి మొదట చేతిలో పెట్టాల్సింది ఇదే. మేం ఆ వరసలో చదవలేదు కానీ, తరవాత వచ్చినవాళ్ళకి అలాగే ఇచ్చాం.

మాలు!

ఇన్వెస్టిగేషన్స్ మొదలుపెట్టినప్పుడు ఎదురింటి మీద రెండో అంతస్తు లేస్తోంది. పనివాళ్ళు పాలమూరు వైపువాళ్ళు. మేస్త్రీ గోడ మీంచి "మాలు!" అని కేకేస్తాడు, కింద నుంచి సిమెంటు గమేళా పైకొస్తుంది. "ఇటుక!" అంటే ఇటుకలు, "నీళ్ళు!" అంటే నీళ్ళు. పుస్తకంలో 2వ ఖండికలో కట్టేవాడూ సాయం చేసేవాడూ నాలుగే మాటలతో పని నడుపుతారు: దిమ్మ, స్తంభం, పలక, దూలం. మాకు కిటికీలోంచే కనపడేది.

ప్రూఫ్‌రీడరుగారు "ఇది పూర్తి వాక్యం కాదుగా, 'మాలు పట్టుకురా' అన్నదాన్ని కుదించాడు" అన్నారు. 19వ ఖండిక తీశాం. దాన్ని దీనికి కుదింపు అంటున్నావు, దీన్నే దానికి సాగదీత అని ఎందుకు అనకూడదు అని అడుగుతుంది. ఆయన చాలాసేపు ఎదురింటి వైపు చూస్తూ కూర్చుని, మేస్త్రీ ఎప్పుడూ "మాలు పట్టుకురా" అనడేమో అని వింటూ ఉండిపోయారు. అతను అనలేదు.

1వ ఖండికలో కొట్టువాడి కథని ఆడి చూడటం మంచిది. కావలసినవి మూడు: పండు పేరు అతికించిన సొరుగు, రంగు ముక్కలు అతికించిన పట్టీ, అంకెలు వరసగా చెప్పే మనిషి. "అయిదు ఎర్ర ఆపిల్స్" అన్న చీటీ ఇస్తే, కొట్టువాడు ఆ పేరున్న సొరుగు లాగుతాడు. పట్టీలో "ఎరుపు" అన్న మాటకి ఎదురుగా ఉన్న రంగు చూస్తాడు. ఒకటి, రెండు అంటూ అయిదు దాకా చెప్తూ ఒక్కో అంకెకీ ఆ రంగు పండు ఒకటి తీస్తాడు. మూడు మాటలకి మూడు వేరు వేరు పనులు. ఆడించాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సరే, అయిదు అన్న మాటకి అర్థం ఏమిటి?" ఆ ప్రశ్నే ఇక్కడ రాలేదు, ఆ మాటని ఎలా వాడారన్నదే వచ్చింది అని పుస్తకం జవాబు. చాలామందికి ఇది తప్పించుకోవడంలా అనిపిస్తుంది. 8వ ఖండిక దాకా ఓపిక పడితే మెత్తబడతారు. అక్కడ కట్టేవాళ్ళకి అంకెలుగా అక్షరాలు, "అక్కడ", "ఇది" అనే మాటలు, రంగు నమూనాలు చేరతాయి. "ఇది" అన్న మాట వేలు చూపించకుండా పనిచెయ్యదు. అది దేనికి పేరు?

43వ ఖండిక గురించి ఒక గొడవ ఇప్పటికీ నాకుంది. "అర్థమంటే వాడకం" అని నినాదంలా చెప్తారు. ఆ వాక్యం మొదట్లోనే "చాలా సందర్భాల్లో, అన్నిట్లో కాకపోయినా" అని ఉంది. ఆ ముక్క మింగేసి మిగతాది కోట్ చేసేవాళ్ళ వ్యాసాలు నేను చదవను.

ఆటల జాబితా (66) మేం మా ఆటలతోనే వేసుకున్నాం. చెడుగుడు, అష్టాచెమ్మా, వామనగుంటలు, ఏడుపెంకులాట, దాగుడుమూతలు, ఒప్పులకుప్ప, మధ్యాహ్నం పూట ఒంటరిగా గోడకి బంతి కొట్టుకోవడం. నిలువు గడిలో ఆటలు, అడ్డగడిలో లక్షణాలు: గెలుపోటములు, ఇద్దరు, అదృష్టం, నేర్పు, నియమాలు. టిక్కులు పెడుతూ పోతే ఏ ఒక్క గడీ పై నుంచి కింది దాకా నిండదు. ఒప్పులకుప్పలో గెలుపు లేదు, గోడబంతిలో ఎదుటివాడు లేడు. అయినా పక్కపక్కనున్నవాటికి ఏదో ఒకటి కలుస్తూనే ఉంటుంది. "వినోదం అన్నిట్లో ఉందిగా" అన్నారు అకౌంటెంటుగారు. "చెడుగుడులో మోకాలు చిప్ప పగిలినవాణ్ణి అడగండి" అన్నాడు తమిళాయన. ఈ పట్టిక నిజంగా వేసి చూడాలి. ఊరికే తలూపితే 66 అర్థం కాదు. ఆ ఖండిక కూడా ఆలోచించకు, చూడు అనే అంటుంది.

1004

185వ ఖండికలో ఒక పిల్లవాడికి రెండేసి కూడుతూ రాయడం నేర్పుతారు. 1000 దాకా బాగానే రాసి, ఆ తరవాత 1004, 1008, 1012 అంటాడు. తప్పు అంటే, నేను ముందులాగే చేస్తున్నాను అంటాడు. ఎంత చెప్పినా తను చేసేది పాతదానికి కొనసాగింపే అంటాడు.

అకౌంటెంటుగారికి ఒళ్ళు మండింది. ఈ ఖండికల మీద అమెరికా తత్వవేత్త క్రిప్కే రాసిన పుస్తకం (1982) తెరిచినప్పుడు ఇంకా మండింది. అందులో 57 గానీ, అంతకన్నా పెద్ద సంఖ్యలు గానీ ఎప్పుడూ కూడని మనిషిని ఊహించమంటాడు. 68కి 57 కలిపితే 125 అంటాం. కానీ ఇంతకాలం నువ్వు "కూడిక" అన్నది నిజంగా కూడికేనా, లేక రెండు సంఖ్యలూ 57 లోపుంటే మామూలు మొత్తం, లేకపోతే 5 ఇచ్చే ఇంకో లెక్కా? నీ పాత లెక్కలన్నీ రెండిటికీ సరిపోతాయి. "పెన్షన్ ఇలా లెక్కేస్తే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నారాయన.

ఆ కోపంలోనే జవాబుంది అని మేష్టారు పట్టుకున్నారు. 201వ ఖండిక మొదటి పేరాలో, ఏ పనినైనా నియమానికి సరిపోయేలా చెప్పొచ్చు అన్న విరోధాభాస ఉంది. జనం అక్కడ పుస్తకం మూసేస్తారు. రెండో పేరా చదవాలి: ఇందులో ఒక అపార్థం ఉందని, నియమాన్ని పట్టుకోవడంలో వ్యాఖ్యానం కానిది ఒకటి ఉందని, అది ఒక్కో సందర్భంలో మనం చేసే పనిలోనే తెలుస్తుందని రాసి ఉంది. కారణాలు అయిపోయాక గునపం రాతికి తగిలి వెనక్కి తిరుగుతుంది, "నేను ఇలాగే చేస్తాను" అనాల్సి వస్తుంది (217). ఆడిట్ ఆఫీసులో ఎవరూ 57 గురించి వాదించరు. వాదించనందువల్లే అది ఆడిట్. క్రిప్కే పుస్తకం గొప్పదే, చదివి తీరాలి. అయితే 201 రెండో పేరాని అది చూసినంత చిన్నచూపు చూడకూడదని నా అభిప్రాయం.

అక్కణ్ణుంచి 243కి దారి తిన్నగా పోతుంది. ఒక్క మనిషికే అర్థమయ్యే, తన లోపలి అనుభూతులకి తనే పేర్లు పెట్టుకున్న భాష ఉంటుందా? 258లో వాడు ఏదో అనిపించినప్పుడల్లా డైరీలో "ఎస్" అని గుర్తు వేసుకుంటాడు. లా కుర్రాడు ఎప్పుడూ "జ్ఞాపకం తప్పొచ్చు, అదేగా ఇబ్బంది" అనేవాడు. అది కాదు ఇబ్బంది. జ్ఞాపకం తప్పిందో ఒప్పయిందో తేల్చే కొలత ఏదీ లేదు. ఏది సరి అనిపిస్తే అదే సరి, అంటే సరి అన్న మాటకే ఇక్కడ పని లేదు. 265లో ఉన్నట్టు, పొద్దుటి పేపర్లో వార్త నిజమో కాదో చూసుకోవడానికి అదే పేపరు ఇంకో నాలుగు కాపీలు కొన్నట్టుంటుంది. 270 వదలకూడదు. ఎస్ అనిపించినప్పుడల్లా మిషన్ పెట్టి చూస్తే బీపీ పెరిగి ఉంటోంది అనుకోండి. ఇప్పుడు ఎస్‌కి ఒక వాడకం వచ్చింది. బీపీ ఉన్న మేష్టారికి ఈ ఖండిక మీద మమకారం ఎక్కువ. ప్రతివాడూ తన పెట్టెలోకే చూసి అందులో ఉన్నదాన్ని పురుగు అనే 293 చదివి, ఈయన నొప్పే లేదంటున్నాడని తేల్చేవాళ్ళకి 304 చూపించాలి: నొప్పి అనేది ఏదో ఒక వస్తువు కాదు, అలాగని ఏమీ లేనిదీ కాదు.

చివరి నోట్సు

విట్‌గెన్‌స్టైన్ చివరి నోట్సు ఆన్ సర్టెంటీ చదివేనాటికి మేష్టారి కళ్ళు మందగించాయి. ప్రూఫ్‌రీడరుగారు పైకి చదివేవారు. 676 ఖండికలు. 300 నుంచి తారీఖులు ఉంటాయి, 1951 మార్చి 10తో మొదలై. ఆఖరి తారీఖు ఏప్రిల్ 27. విట్‌గెన్‌స్టైన్ పోయింది 29న. తారీఖులు పెన్సిల్‌తో మార్జిన్లో పెద్దగా రాసుకుంటే మంచిది, లేకపోతే పాత నోట్సుకీ కొత్త నోట్సుకీ తేడా తెలియదు. కేంబ్రిడ్జి తత్వవేత్త జి.ఇ.మూర్ చెయ్యి ఎత్తి "ఇదిగో ఒక చెయ్యి" అన్నదాన్ని పట్టుకుని, అది తెలిసిన సంగతా, లేక తెలియడం తెలియకపోవడం అన్నవాటికి వేసిన తలుపు బందా అని తవ్వుకుంటూ పోతాడు (341).

ఇక్కడ పడింది మా గదిలో అన్నిటికన్నా పెద్ద తగువు. 286లో, చంద్రుడి మీదికి వెళ్ళడం సాధ్యం కాదని మనమందరం నమ్ముతాం అని రాసి ఉంది. ఆ పుస్తకం అచ్చయింది 1969లో. అదే ఏడాది మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. "దెబ్బతిన్నాడు, మూడో విట్‌గెన్‌స్టైన్ కూడా పోయాడు" అన్నారు అకౌంటెంటుగారు. మూడో విట్‌గెన్‌స్టైన్ అన్నందుకు వడల డబ్బు కూడా ఇచ్చారు. ప్రూఫ్‌రీడరుగారు ఏమీ అనకుండా వెనక్కి తిప్పి 96, 97 చదివారు. కొన్ని వాక్యాలు గట్టిపడి మిగతావాటికి కాలవలా పనిచేస్తాయి. కాలం గడిచేకొద్దీ గట్టివి కరగొచ్చు, పారేవి గట్టిపడొచ్చు. నది పడక కూడా జరుగుతుంది, అయినా నీళ్ళ కదలిక వేరు, పడక జరగడం వేరు. 286 ఓడిపోలేదు, 97 చెప్పినట్టే జరిగింది అని నేను ఇప్పటికీ అంటాను. అకౌంటెంటుగారు ఒప్పుకోలేదు, ఫోన్లో ఇప్పటికీ ఒప్పుకోరు. నా ప్రతిలో మాత్రం 286 పక్కన 97 అని, 97 పక్కన 2.1512 అని రాసి ఉంది.